డెస్క్‌టాప్ అప్లికేషన్ నుంచి స్క్రిప్టు నడిపితే ప్రతిసారీ 49వ పేజీ దగ్గరే ఆగిపోతోంది

చిక్కడపల్లి డీటీపీ | సోమవారం, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. చిక్కడపల్లిలో మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి పత్రికల పని తగ్గిపోయాక, ఆరు నెలలుగా పాత పుస్తకాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఎక్కువగా చేస్తున్నాం. పేజీల ఫొటోలను శుభ్రం చేసి, టెసరాక్ట్‌తో తెలుగు అక్షరాలను గుర్తింపజేసి, చివరికి గోస్ట్‌స్క్రిప్ట్‌తో పీడీఎఫ్‌ను కుదించే పైథాన్ స్క్రిప్టు ఒకటి, మా దగ్గర ఇంతకుముందు పనిచేసిన అబ్బాయి రాసి ఇచ్చి వెళ్లాడు. మా ఆపరేటర్లకు నల్ల తెర (కమాండ్ ప్రాంప్ట్) అంటే భయం కాబట్టి, నేనే నేర్చుకుని పైసైడ్ 6 అనే లైబ్రరీతో ఒక విండో తయారు చేశాను. అందులో ఫోల్డర్ ఎంచుకుని ‘మొదలుపెట్టు’ అన్న బటన్ నొక్కితే ఆ స్క్రిప్టు నడవాలి, అది చెప్పే మాటలు కింద పెట్టెలో కనిపించాలి.

శతకాలు, వ్రతకథల వంటి 32 పేజీల పుస్తకాలకు ఏ ఇబ్బందీ లేదు. పెద్ద పుస్తకం పెడితే మాత్రం ప్రతిసారీ 49వ పేజీ దగ్గర ఆగిపోయి, విండో ‘స్పందించడం లేదు’ అని తెల్లబోతోంది. అదే స్క్రిప్టును నల్ల తెర మీద చేత్తో నడిపితే 200 పేజీలైనా చక్కగా పూర్తవుతోంది. ప్రస్తుతానికి పుస్తకాలను నలభయ్యేసి పేజీల కట్టలుగా విడగొట్టి నెట్టుకొస్తున్నాం.

నా కోడ్‌లో ఉన్నది ఇంతే: సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని పీఓపెన్‌తో స్క్రిప్టును మొదలుపెట్టి, మామూలు మాటలు వచ్చే స్టాండర్డ్ అవుట్‌పుట్‌కూ, హెచ్చరికలూ తప్పులూ వచ్చే స్టాండర్డ్ ఎర్రర్‌కూ చెరొక పైపు ఇచ్చి, స్క్రిప్టు ముగిసేదాకా ఆగే వెయిట్‌ను పిలిచి, అది తిరిగి వచ్చాక రెండు పైపులనూ చదువుతున్నాను. (ఈ వేదిక నియమం ప్రకారం కమాండ్ల పేర్లను కూడా తెలుగు లిపిలోనే రాస్తున్నాను, మన్నించాలి.)

మలక్‌పేట లినక్సు | సోమవారం, రాత్రి 9:31

నేను ఉబుంటులో సరిగ్గా ఇదే పద్ధతిలో 300 పేజీల పుస్తకాలను నడుపుతున్నాను, ఒక్కసారి కూడా ఆగలేదు. దోషం మీ కోడ్‌లో లేదు, విండోస్‌లో ఉంది. ఆ యంత్రంలో లినక్స్ వేయండి, పీడ వదులుతుంది.

గచ్చిబౌలి రాత్రిపాళీ | సోమవారం, రాత్రి 11:48

ఆపరేటింగ్ సిస్టమ్ మార్చే ముందు రెండు విషయాలు చూసి చెప్పండి. మొదటిది, ఆగిపోయిన సమయంలో టాస్క్ మేనేజర్ తెరిస్తే ఏయే ప్రాసెస్‌లు బతికి ఉన్నాయి, వాటిలో ఏది సీపీయూ వాడుతోంది? రెండోది, నల్ల తెర మీద చేత్తో నడిపినప్పుడు ఒక్కొక్క పేజీకి ఏమేం వాక్యాలు అచ్చవుతున్నాయి? వాటిని అక్షరం పొల్లుపోకుండా లెక్కపెట్టి చెప్పగలిగితే, 49 అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోతుందని నా అనుమానం. అంత కచ్చితంగా ఒకే చోట ఆగేది సాధారణంగా బుద్ధిలేని విండోస్ వల్ల కాదు, ఎక్కడో ఏదో నిండిపోవడం వల్ల.

చిక్కడపల్లి డీటీపీ | మంగళవారం, ఉదయం 10:20

చూశాను. నా అప్లికేషన్, పైథాన్, టెసరాక్ట్ మూడూ బతికే ఉన్నాయి, మూడింటికీ సీపీయూ సున్నా. ఎవరూ ఏ పనీ చేయడం లేదు, అయినా ఎవరూ వెళ్లిపోవడం లేదు.

నల్ల తెర మీద ప్రతి పేజీకీ టెసరాక్ట్ రెండు వరుసలు అచ్చువేస్తోంది. ఒకటి, చిత్రంలో రిజల్యూషన్ 0 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) అని ఉంది కనుక 70గా తీసుకుంటున్నాను అన్న అర్థం వచ్చే హెచ్చరిక. అందులో ఖాళీలతో కలిపి 52 అక్షరాలు ఉన్నాయి. రెండోది, రిజల్యూషన్ ఇంత ఉండవచ్చని అంచనా వేస్తున్న వరుస, 28 అక్షరాలు. ఇవి కాక ‘పేజ్ 12 ఓకే’ వంటి ఒక వరుసను మా స్క్రిప్టు ఇంగ్లిషులో అచ్చువేస్తుంది.

ఇంకొక విషయం. ఒకసారి 46 పేజీల పుస్తకం పెడితే పేజీలన్నీ పూర్తయి, పీడీఎఫ్ కూడా వచ్చి, ఆ తరువాత ఆగిపోయింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో తెలియక మొదట చెప్పలేదు.

గచ్చిబౌలి రాత్రిపాళీ | మంగళవారం, రాత్రి 11:15

సంబంధం ఉంది. మీరు చెప్పిన 46 పేజీల కథే నాకు ఎక్కువ ఆసక్తికరంగా ఉంది, దాని దగ్గరకు తరువాత వస్తాను.

పైపు అంటే ఆపరేటింగ్ సిస్టమ్ జ్ఞాపకంలో ఉండే ఒక చిన్న తొట్టి. రాసే ప్రోగ్రామ్ ఒక పక్క నుంచి బైట్లను పోస్తుంది, చదివే ప్రోగ్రామ్ రెండో పక్క నుంచి తోడుకోవాలి. తొట్టి నిండిందంటే రాసే ప్రోగ్రామ్‌కు ఎర్రర్ ఏమీ రాదు, చోటు దొరికేదాకా ఆ రాసే పిలుపులోనే నిలబడిపోతుంది. ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పించుకున్న ప్రతి ఇంటివారికీ ఇది తెలుసు: సంపు నిండిన తరువాత పైన ఎవరో ఒకరు మోటార్ వేసే వరకు ట్యాంకర్ డ్రైవర్ గొట్టం మూసి నిలబడవలసిందే. మీ కథలో మోటార్ వేయవలసింది మీ అప్లికేషన్. అదేమో ‘ట్యాంకర్ వెళ్లిపోయాక మోటార్ వేస్తాను’ అని కూర్చుంది, ఎందుకంటే మీరు ముందు వెయిట్‌ను పిలిచి ఆ తరువాత చదువుతున్నారు. టెసరాక్ట్ మీ కోసం, స్క్రిప్టు టెసరాక్ట్ కోసం, మీరు స్క్రిప్టు కోసం ఎదురుచూస్తున్నారు. మూడింటి సీపీయూ సున్నా కావడానికి కారణం అదే.

ఇప్పుడు లెక్క. విండోస్‌లో వరుస చివర రెండు బైట్లు పడతాయి కాబట్టి మొదటి వరుస 54, రెండోది 30, వెరసి పేజీకి 84 బైట్లు. టెసరాక్ట్ వీటిని స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రాస్తుంది, ఆ దారి స్క్రిప్టు నుంచి వారసత్వంగా దానికి వచ్చినది, అంటే నేరుగా మీ పైపులోకే. పరిమాణం ప్రత్యేకంగా చెప్పకుండా తెరిచిన పైపు విండోస్‌లో పట్టుకునేది 4,096 బైట్లు. 48 పేజీలకు 4,032 బైట్లు అయ్యాయి, ఇంకా 64 మిగిలాయి. 49వ పేజీ మొదటి వరుస 54 బైట్లు అందులో పట్టింది, రెండో వరుసకు చోటు లేదు. మీ అంకె వచ్చేసింది.

లినక్స్‌లో పైపు సామర్థ్యం 65,536 బైట్లు, వరుస చివర ఒకే బైటు. పేజీకి 82 బైట్ల చొప్పున లెక్క వేస్తే మలక్‌పేట మిత్రుల కోడ్ కూడా 800వ పేజీ దగ్గర ఆగుతుంది. వారు ఇంకా అంత పెద్ద పుస్తకం పెట్టలేదు, అంతే.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేమీ కాదు. పైపు ఇచ్చి వెయిట్ పిలిస్తే ఇలా ఇరుక్కుపోవచ్చని పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే హెచ్చరిక ఉంది. కాకపోతే మనం నమూనా కోడ్ చదివినంత శ్రద్ధగా హెచ్చరికలు చదవం.

మలక్‌పేట లినక్సు | బుధవారం, ఉదయం 8:05

ఒప్పుకుంటున్నాను. ఇంటికి వచ్చి, పేజీకి 82 బైట్లు స్టాండర్డ్ ఎర్రర్‌లోకి రాసే చిన్న స్క్రిప్టు ఒకటి తయారు చేసి నడిపి చూశాను. 800వ మలుపు దగ్గర ఆగింది. చిక్కడపల్లి వారు విండోస్‌లోనే ఉండవచ్చు.

ఒక చిట్కా మాత్రం చెబుతాను. ఆ హెచ్చరిక రావడానికి కారణం మీ స్క్రిప్టు శుభ్రం చేసిన చిత్రాన్ని పిల్లో లైబ్రరీతో దాచేటప్పుడు డీపీఐ విలువ ఇవ్వకపోవడం. సేవ్ చేసేచోట 300 అని ఇస్తే ఆ రెండు వరుసలూ రావు.

గచ్చిబౌలి రాత్రిపాళీ | బుధవారం, ఉదయం 8:40

అలా చేయడం మంచిదే, కానీ దాన్ని చికిత్సగా భావించవద్దు. రేపు ఇంకో హెచ్చరిక రూపంలో అదే తొట్టి మళ్లీ నిండుతుంది, ఈసారి 49 వంటి గుర్తుపట్టగల అంకె కూడా దొరకదు.

తార్నాక పాఠం | బుధవారం, మధ్యాహ్నం 2:30

నేను డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. నా విద్యార్థులు చేసిన తప్పుల్లో ఈ వెయిట్ తప్పుదే మొదటి వరుస. దీనికి మార్గాలు మూడు ఉన్నాయి, మూడింటికీ సందర్భాలు వేరు.

అవుట్‌పుట్ మీకు అసలు అవసరం లేకపోతే పైపు తెరవవద్దు, వచ్చినదంతా పారేసే డెవ్‌నల్ ఇవ్వండి. అవసరమై, అది కొద్దిపాటిదైతే, వెయిట్‌కు బదులు కమ్యూనికేట్ పిలవండి. అది రెండు పైపులనూ ఒకేసారి తోడుతూ, ప్రాసెస్ ముగిసేవరకు ఆగి, మొత్తాన్ని మీ చేతికిస్తుంది. పైథాన్ 3.5 నుంచి ఉన్న రన్ అనే ఫంక్షన్ లోపల చేసేది ఇదే, 3.7 నుంచి దానికి క్యాప్చర్ అవుట్‌పుట్ అన్న ఐచ్ఛికం కూడా వచ్చింది. అయితే అంతా మెమొరీలో పోగవుతుంది కనుక వందల మెగాబైట్ల అవుట్‌పుట్‌కు అది తగదు. అటువంటి పెద్ద అవుట్‌పుట్‌కు నేను ఫైలునే ఇష్టపడతాను. పైపు స్థానంలో తెరిచిన ఫైలును ఇస్తే డిస్క్ నిండేదాకా ఎవరూ ఎవరి కోసమూ ఆగనక్కరలేదు, పైగా రేపు ఏదైనా తేడా వస్తే చదువుకోవడానికి దాఖలా ఉంటుంది. ఫైలు పద్ధతిని చిన్నచూపు చూసేవారు చాలామంది ఉన్నారు, ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

చేయకూడనిది ఒకటి ఉంది. ముందు స్టాండర్డ్ అవుట్‌పుట్‌ను చివరికంటా చదివి, ఆ తరువాత స్టాండర్డ్ ఎర్రర్‌ను చదవడం చూడటానికి సవ్యంగానే ఉంటుంది. కానీ మొదటిదాన్ని చదువుతూ ఉండగా రెండోది నిండితే మళ్లీ ఇదే ముడి పడుతుంది.

సనత్‌నగర్ ప్యానెల్ | బుధవారం, సాయంత్రం 6:10

మేము ఫ్యాక్టరీలో డాట్‌నెట్ వాడతాం, అక్కడ కూడా అచ్చంగా ఇదే గుంట. వెయిట్ ఫర్ ఎగ్జిట్ ముందు పిలిచి, రీడ్ టు ఎండ్ తరువాత పిలిస్తే ఇరుక్కుంటుంది. భాష మారినంత మాత్రాన పైపు మారదు కదా.

చిక్కడపల్లి డీటీపీ | గురువారం, ఉదయం 11:02

కమ్యూనికేట్ పెట్టాను. 49 దాటింది, 120 పేజీల పుస్తకం చివరిదాకా వెళ్లింది. అందరికీ ధన్యవాదాలు.

కానీ ఇంతవరకు పెట్టెలో చూపని ఎర్రర్ పైపులో ఏముందో ఇప్పుడు మొదటిసారిగా చూశాను, చూస్తే భయం వేసింది. హెచ్చరికలన్నిటి తరువాత, చివర్లో ఒక పెద్ద ట్రేస్‌బ్యాక్ (స్క్రిప్టు ఎక్కడ కూలిందో చెప్పే జాబితా) ఉంది. యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్ అనీ, ‘చార్‌మ్యాప్’ కోడెక్ ఫలానా అక్షరాలను మార్చలేకపోయిందనీ చెబుతోంది. స్క్రిప్టు చివర ‘పుస్తకం పూర్తయింది’ అని తెలుగులో అచ్చువేసే వరుస దగ్గర వస్తోంది. నల్ల తెర మీద మాత్రం అదే వాక్యం తెలుగులో చక్కగా కనిపిస్తుంది. పీడీఎఫ్ కూడా బాగానే వస్తోంది కాబట్టి దీన్ని పట్టించుకోకుండా వదిలేయవచ్చా?

సనత్‌నగర్ ప్యానెల్ | గురువారం, ఉదయం 11:25

వదిలేయవద్దు. రిటర్న్ కోడ్ (ప్రోగ్రామ్ ముగుస్తూ ఇచ్చే అంకె) ఎంత వచ్చింది? ఆ తెలుగు వాక్యం తరువాత స్క్రిప్టులో ఇంకేమైనా వరుసలు ఉన్నాయా?

చిక్కడపల్లి డీటీపీ | గురువారం, మధ్యాహ్నం 12:50

రిటర్న్ కోడ్‌ను నేను ఇంతవరకు ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూస్తే 1 అని ఉంది.

ఆ వాక్యం తరువాత మూడు వరుసలు ఉన్నాయి. శుభ్రం చేసిన చిత్రాలు పెట్టుకున్న తాత్కాలిక ఫోల్డర్‌ను చెరిపేసే వరుసలు. రెండు నెలలుగా సి డ్రైవ్ నిండిపోతోందని మా ఆపరేటర్లు మొత్తుకుంటుంటే, వాళ్లు సినిమాలు దింపుకుంటున్నారేమోనని నేను వాళ్లమీద కసురుకున్నాను. ఇప్పుడు వెళ్లి చూస్తే ఆ తాత్కాలిక ఫోల్డర్ల మొత్తం బరువు 38 గిగాబైట్లు. డెమ్మీ 1/8 సైజు పేజీ 300 డీపీఐలో 1650 × 2550 పిక్సెళ్లు ఉంటుంది, అటువంటివి వేల పేజీలు అక్కడే పడి ఉన్నాయి. వెంటనే అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించి సర్దుబాటు చేసుకున్నాను.

గచ్చిబౌలి రాత్రిపాళీ | గురువారం, రాత్రి 11:30

మీ 46 పేజీల చిక్కు కూడా ఇక్కడే విడిపోయింది. 46 పేజీలకు 3,864 బైట్లు, మిగిలింది 232. ట్రేస్‌బ్యాక్ అంతకంటే పెద్దది. పేజీలన్నీ అయ్యాక, చచ్చిపోతూ చెప్పవలసిన చివరి మాట చెప్పడానికి కూడా చోటు లేక స్క్రిప్టు నిలబడిపోయింది. మీ 40 పేజీల కట్టల్లో ఆ మాటకు చోటు దొరికింది, కానీ వినేవారు లేరు. ఆరు నెలలుగా మీ స్క్రిప్టు ప్రతిసారీ విఫలమవుతూనే ఉంది.

ఇందుకే పైపు తెరిచినవారు దాన్ని చదవడంతో పాటు రిటర్న్ కోడ్‌ను కూడా తప్పనిసరిగా చూడాలి. ఫైలు తయారైందా లేదా అన్నది ప్రోగ్రామ్ గెలిచిందనడానికి సాక్ష్యం కాదు. 0 అయితే గెలుపు, మరే అంకె అయినా వినియోగదారుకు కనిపించేలా ఎర్ర అక్షరాల్లో చెప్పాలి, ఎర్రర్ పైపులోని చివరి ఇరవై వరుసలు పక్కన చూపాలి.

తార్నాక పాఠం | శుక్రవారం, ఉదయం 7:45

నల్ల తెర మీద తెలుగు కనిపించి, అప్లికేషన్ నుంచి నడిపితే పడిపోవడానికి కారణం చెబుతాను. విండోస్‌లో పైథాన్ 3.6 నుంచి నల్ల తెరతో నేరుగా యూనికోడ్‌లో మాట్లాడుతుంది. అదే అవుట్‌పుట్ పైపులోకి వెళితే ఎదుట తెర లేదని గ్రహించి, సిస్టమ్ కోడ్ పేజీని వాడుతుంది. మన దేశపు ఇంగ్లిష్ అమరికలో అది 1252, పడమటి యూరప్ అక్షరాల పట్టిక. అందులో ‘పు’ ఎక్కడి నుంచి వస్తుంది?

కనుక స్క్రిప్టును మొదలుపెట్టేటప్పుడు దానికి అందే సెట్టింగుల్లో, అంటే ఎన్విరాన్‌మెంట్‌లో, పైథాన్‌యుటిఎఫ్8 అన్న వేరియబుల్‌కు 1 ఇవ్వండి. 3.7 నుంచి ఉన్న సదుపాయం అది. పైథాన్ 3.15 నుంచి అదే సహజ ప్రవర్తన కావాలని ఇప్పటికే నిర్ణయించారు కూడా. మీ వైపున చదివేటప్పుడు యుటిఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) అని చెప్పడం మరవకండి.

సుల్తాన్‌బజార్ అక్షరం | శుక్రవారం, ఉదయం 10:15

మేడమ్, ఒక్క మాట. నేను పాతికేళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను. చిక్కడపల్లి వారి స్క్రిప్టు ఎక్కడైనా పాత అను ఫాంటు ఫైళ్లను చదువుతుందా? మా డీటీపీ వాళ్లలో చాలామంది అధ్యాయాల పేర్లు, ముందుమాటలు పాత పేజ్‌మేకర్ ఫైళ్ల నుంచి తీసిన పాఠ్యంలోనే ఉంచుకుంటారు. అది యూనికోడ్ కాదు, ఎనిమిది బిట్ల అక్షరాలకు తెలుగు ముక్కల ముసుగు వేసిన పాఠ్యం. మీరు చెప్పిన వేరియబుల్ అవుట్‌పుట్‌నే కాక, ఎన్‌కోడింగ్ చెప్పకుండా తెరిచే ప్రతి ఫైలునూ యుటిఎఫ్-8గానే భావిస్తుంది. అప్పుడు ఆ ఫైలు చదవడమే పడిపోతుంది.

చిక్కడపల్లి డీటీపీ | శుక్రవారం, ఉదయం 10:40

చదువుతుంది. విషయసూచిక అలాగే తయారవుతుంది. ఓపెన్ అన్నచోట ఎన్‌కోడింగ్ ఏమీ ఇవ్వలేదు. మేడమ్ చెప్పినట్టు చేసి చూడగానే అక్కడే పడిపోయింది, ఏమైందో అర్థంకాక ఇక్కడికి వచ్చేసరికి మీ సమాధానం ఉంది.

తార్నాక పాఠం | శుక్రవారం, మధ్యాహ్నం 1:10

సుల్తాన్‌బజార్ వారికి కృతజ్ఞతలు, నా సలహా మీ వృత్తికి సరిపడలేదు. పైథాన్‌ఐఓఎన్‌కోడింగ్ అన్న వేరే వేరియబుల్ ఉంది, దానికి యుటిఎఫ్-8 అని ఇవ్వండి. అది ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్ అనే మూడు ప్రామాణిక దారులనే మారుస్తుంది, ఫైళ్ల జోలికి పోదు. వీలైనప్పుడు అను ఫైలు తెరిచేచోట 1252 అని స్పష్టంగా రాయండి, లేకపోతే 3.15 వచ్చిన రోజున ఇదే గొడవ మళ్లీ తలుపు తడుతుంది. ఫోల్డర్ చెరిపే వరుసలను ట్రై, ఫైనల్లీ జంటలో పెట్టండి, అచ్చు పడినా పడకపోయినా చెత్త ఊడ్చుకుపోతుంది.

చిక్కడపల్లి డీటీపీ | శనివారం, ఉదయం 9:50

పనిచేసింది, రిటర్న్ కోడ్ 0 వచ్చింది. అయితే పుస్తకం నడుస్తున్నంత సేపూ విండో ఇంకా తెల్లబోతూనే ఉంది, వరుసలన్నీ చివర్లో ఒక్కసారిగా కుప్పగా పడుతున్నాయి. ఏ పేజీ నడుస్తోందో ఎప్పటికప్పుడు కనిపిస్తే బాగుంటుంది.

గచ్చిబౌలి రాత్రిపాళీ | శనివారం, సాయంత్రం 5:20

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులు ఒకే లక్షణంతో కనిపిస్తున్నాయి.

మొదటిది మీ వైపు ఉంది. విండోను గీసేదీ, మౌస్ నొక్కులను అందుకునేదీ ఒకే థ్రెడ్, అంటే ప్రోగ్రామ్‌లో ఒకే పనివరుస. దాన్ని కమ్యూనికేట్‌లో నిలబెట్టారు కనుక అది ఇంకే పనీ చేయలేదు. వేరే థ్రెడ్ పెట్టుకోవచ్చు, కానీ పైసైడ్ రూపంలో మీరు క్యూటీ వాడుతున్నారు కాబట్టి సబ్‌ప్రాసెస్‌ను పక్కన పెట్టి క్యూప్రాసెస్ వాడండి. స్టార్ట్ పిలవగానే అది తిరిగి వచ్చేస్తుంది. తరువాత బైట్లు వచ్చినప్పుడల్లా రెడీ రీడ్ స్టాండర్డ్ అవుట్‌పుట్ అన్న సిగ్నల్ (క్యూటీ పంపే కబురు), ముగిసినప్పుడు ఫినిష్డ్ అన్న సిగ్నల్, అసలు మొదలే కాకపోతే ఎర్రర్ అకర్డ్ అన్న సిగ్నల్ వస్తాయి. ఈ మూడింటినీ మీ ఫంక్షన్లకు తప్పకుండా కలపండి, ఎందుకంటే ప్రోగ్రామ్ దొరకక మొదలే కానప్పుడు ఫినిష్డ్ రాదు, మీ బటన్ శాశ్వతంగా మసకబారి ఉండిపోతుంది. వెయిట్ ఫర్ ఫినిష్డ్ జోలికి మాత్రం వెళ్లవద్దు. అది కూడా విండోను నిలబెడుతుంది, పైగా ఏమీ చెప్పకపోతే 30 సెకన్లకే విసిగి తిరిగి వచ్చేస్తుంది. ఎన్విరాన్‌మెంట్ ఇచ్చేటప్పుడు సిస్టమ్‌లో ఉన్నదాన్ని తీసుకుని దానికి మీ వేరియబుల్ చేర్చండి. ఖాళీదానితో మొదలుపెడితే పాత్ (ప్రోగ్రామ్‌లను వెతికే చోట్ల జాబితా) పోయి టెసరాక్ట్ దొరకదు.

రెండో జబ్బు స్క్రిప్టు వైపు ఉంది. ఎదుట తెర ఉంటే పైథాన్ వరుసకొకసారి పంపుతుంది, పైపు ఉంటే కనీసం 8,192 బైట్లు పోగయ్యేదాకా తన దగ్గరే దాచుకుంటుంది. మీ ‘పేజ్ 12 ఓకే’ వరుసలు 120 పేజీలకు కూడా అంత కావు, అందుకే అన్నీ చివర్లో వస్తున్నాయి. పైథాన్ పేరు తరువాత హైఫన్ యు చేర్చి నడపండి, లేదా పైథాన్‌అన్‌బఫర్డ్ అన్న వేరియబుల్‌కు 1 ఇవ్వండి.

ఇక తెలుగువాళ్లు మాత్రమే తొందరగా పట్టుకునే లోపం ఒకటి ఉంది. క్యూప్రాసెస్ ఇచ్చేవి బైట్లు, వరుసలు కావు, అక్షరాలూ కావు. యుటిఎఫ్-8లో మన ‘క్ష’కు క, పొల్లు, ష కలిపి తొమ్మిది బైట్లు పడతాయి. ఆ తొమ్మిదిలో నాలుగు ఒక సిగ్నల్‌లోనూ, అయిదు తరువాతి సిగ్నల్‌లోనూ రావచ్చు. ఇంగ్లిషు మాత్రమే అచ్చువేసేవారికి ఇది జన్మలో కనిపించదు, మనకు మాత్రం అప్పుడప్పుడు ఒక్క అక్షరం స్థానంలో నల్లటి ప్రశ్నార్థకం కనిపించి మాయమవుతుంది. అందువల్ల వచ్చిన బైట్లను ఒక నిల్వలో చేర్చుకుంటూ, కొత్త వరుస బైటు కనిపించినంత వరకే కోసి డీకోడ్ చేయండి, మిగిలినది అలాగే ఉంచండి. యుటిఎఫ్-8లో కొత్త వరుస బైటు మరే అక్షరం నడుమా రాదు కాబట్టి ఆ కోత ఎప్పుడూ క్షేమమే. ఫినిష్డ్ వచ్చాక నిల్వలో మిగిలిన ముక్కను మరచిపోకుండా చూపండి.

మలక్‌పేట లినక్సు | శనివారం, రాత్రి 8:00

హైఫన్ యు లేకుండా స్టడ్‌బఫ్ అనే కమాండ్‌తో కూడా సరిచేయవచ్చేమో అని రాయబోయి, ముందు నడిపి చూశాను. పైథాన్ సి లైబ్రరీ నిల్వను వాడదు, తన సొంత నిల్వను వాడుతుంది కనుక ఆ కమాండ్ దాని మీద పనిచేయదు. ఈసారి ముందే చూసుకున్నాను!

నాకు తోచిన అసలు ప్రశ్న వేరు. అప్లికేషనూ పైథానే, స్క్రిప్టూ పైథానే. ఇంపోర్ట్ చేసుకుని ఫంక్షన్‌లా పిలిస్తే ఈ పైపుల బాధ ఎందుకు?

గచ్చిబౌలి రాత్రిపాళీ | శనివారం, రాత్రి 10:10

న్యాయమైన ప్రశ్న. స్క్రిప్టు మనదై, చిన్నదై ఉంటే నేనూ అలాగే చేస్తాను. ఇక్కడ మాత్రం రాసిన మనిషి వెళ్లిపోయాడు, ఒక పేజీ చెడిపోయి స్క్రిప్టు కూలితే విండో కూడా కూలకూడదు, మధ్యలో ఆపాలంటే థ్రెడ్‌ను చంపలేం కానీ ప్రాసెస్‌ను చంపగలం. పైగా టెసరాక్ట్, గోస్ట్‌స్క్రిప్ట్ ఎలాగూ వేరే ప్రోగ్రామ్‌లే కాబట్టి పైపుల నుంచి తప్పించుకోలేరు.

చిక్కడపల్లి డీటీపీ | ఆదివారం, మధ్యాహ్నం 3:35

క్యూప్రాసెస్‌తో అద్భుతంగా ఉంది. పేజీ పేజీకీ వరుస కనిపిస్తోంది.

ఉత్సాహంలో పైఇన్‌స్టాలర్‌తో ఒకే ఫైలుగా కట్టి ఆపరేటర్ల కంప్యూటర్‌లో పెట్టాను. బటన్ నొక్కగానే స్క్రిప్టు నడవడానికి బదులు నా అప్లికేషనే ఇంకొకటి తెరుచుకుంది. అందులో నొక్కితే మూడోది. అలాగే, ‘కథలు & వ్యాసాలు’ అన్న పేరుగల ఫోల్డర్‌ను పాత పద్ధతిలో పెడితే ఆ గుర్తు దగ్గర కమాండ్ తెగిపోయేది, ఇప్పుడు బాగానే ఉంది. ఎందుకో తెలుసుకోవాలని ఉంది.

సనత్‌నగర్ ప్యానెల్ | ఆదివారం, సాయంత్రం 4:20

మొదటిదానికి: మీరు పైథాన్‌లోని సిస్ అనే మాడ్యూల్ ఇచ్చే ఎగ్జిక్యూటబుల్ అన్న విలువను పైథాన్ చిరునామాగా వాడుతున్నారు. కట్టిన తరువాత ఆ విలువ మీ అప్లికేషన్‌నే చూపుతుంది. ఆపరేటర్ కంప్యూటర్‌లో పైథాన్‌ను విడిగా స్థాపించి, దాని చిరునామాను సెట్టింగుల్లో ఇవ్వండి.

రెండోదానికి: పాత కోడ్‌లో షెల్‌ను ట్రూ అని పెట్టి, కమాండ్ మొత్తాన్ని ఒకే వాక్యంగా ఇచ్చి ఉంటారు. అప్పుడది కమాండ్ ప్రాంప్ట్ చేతిలో పడుతుంది, దానికి ఆ గుర్తు అంటే ‘ఇక్కడితో ఒక కమాండ్ అయిపోయింది’ అని అర్థం. క్యూప్రాసెస్‌కు మీరు ప్రోగ్రామ్ పేరునూ, ఆర్గ్యుమెంట్ల జాబితానూ విడివిడిగా ఇచ్చారు కనుక మధ్యలో షెల్ లేదు. ఒక హెచ్చరిక: నడిపేది బ్యాచ్ ఫైలు అయితే మీరు జాబితా ఇచ్చినా విండోస్ లోలోపల కమాండ్ ప్రాంప్ట్‌నే పిలుస్తుంది. 2024 ఏప్రిల్‌లో రస్ట్ భాష వారు తమ లైబ్రరీలో ఇటువంటి లోపాన్నే భద్రతా లోపంగా ప్రకటించి సరిచేశారు. బయటివారు పెట్టిన పేర్లను బ్యాచ్ ఫైళ్లకు ఇవ్వకపోవడమే మేలు.

చిక్కడపల్లి డీటీపీ | సోమవారం, రాత్రి 8:55

ఈ రోజు 212 పేజీల పుస్తకం ఒకే కట్టగా పూర్తయింది. రిటర్న్ కోడ్ 0, తాత్కాలిక ఫోల్డర్ ఖాళీ.

ఇక మిగిలింది ‘రద్దు’ బటన్. కిల్ పిలిస్తే పైథాన్ పోతోంది గానీ, పీడీఎఫ్ దశలో నొక్కితే గోస్ట్‌స్క్రిప్ట్ నిమిషాల తరబడి అలాగే తిరుగుతోంది, కంప్యూటర్ ఫ్యాన్ హోరు తగ్గడం లేదు.

సనత్‌నగర్ ప్యానెల్ | సోమవారం, రాత్రి 9:30

విండోస్‌లో తల్లి ప్రాసెస్‌ను చంపితే పిల్లలు వాటంతట అవి పోవు. కిల్‌కు బదులు టాస్క్‌కిల్ కమాండ్‌ను స్లాష్ టి, స్లాష్ ఎఫ్‌లతో, మీ పైథాన్ ప్రాసెస్ సంఖ్య ఇచ్చి నడపండి, మొత్తం కుటుంబం పోతుంది. తల్లి బతికి ఉండగానే పిలవాలి, ముందు కిల్ చేసేస్తే పిల్లల జాడ దానికి దొరకదు. మీ అప్లికేషనే హఠాత్తుగా మూసుకుపోయినా పిల్లలు మిగలకూడదంటే జాబ్ ఆబ్జెక్ట్ అనే విండోస్ సదుపాయం ఉంది, అది ఇంకొంచెం శ్రమ.

చిక్కడపల్లి డీటీపీ | సోమవారం, రాత్రి 10:05

ఫ్యాన్ ఆగింది. కానీ రద్దు చేసిన ప్రతిసారీ మీరందరూ పెట్టించిన ఎర్ర అక్షరాల్లో ‘స్క్రిప్టు విఫలమైంది, కోడ్ 1’ అని వస్తోంది, ఆపరేటర్ కంగారుపడి నన్ను పిలుస్తున్నాడు.

గచ్చిబౌలి రాత్రిపాళీ | సోమవారం, రాత్రి 11:40

టాస్క్‌కిల్ బలవంతంగా ముగించిన ప్రాసెస్‌కు వచ్చే కోడ్ 1, పైథాన్ స్క్రిప్టు తానుగా కూలినప్పుడు వచ్చేదీ 1. ఆ అంకెను చూసి రెంటినీ వేరుచేయలేరు. రద్దు బటన్ నొక్కిన క్షణంలోనే మీ విండో కోడ్‌లో ‘రద్దు కోరారు’ అన్న గుర్తు ఒకటి ట్రూ చేసి పెట్టుకోండి, ఫినిష్డ్ వచ్చినప్పుడు ముందు దాన్ని చూసి తరువాత కోడ్ చూడండి. కొత్త పుస్తకం మొదలుపెట్టేచోట దాన్ని మళ్లీ ఫాల్స్ చేయడం మరవకండి. బలవంతంగా చంపినప్పుడు స్క్రిప్టులోని ఫైనల్లీ కూడా నడవదు కాబట్టి, రద్దయిన పుస్తకం తాత్కాలిక ఫోల్డర్‌ను ఇక మీ అప్లికేషనే చెరపాలి.

చిక్కడపల్లి డీటీపీ | మంగళవారం, ఉదయం 10:30

రెండూ చేశాను. ఆపరేటర్‌తో మూడుసార్లు రద్దు నొక్కించి చూశాను, మూడుసార్లూ ‘మీరే ఆపారు’ అని మామూలు అక్షరాల్లో వచ్చింది, ఫోల్డర్ ఖాళీగా ఉంది.